పురుగు పంచాంగం, పద్దుల పంచాంగం

పర్యావరణానికి చేటు చేయని సస్యరక్షణ గురించి తెలుగునాట చర్చ జరిగినప్పుడల్లా శాస్త్రవేత్తకు ఒక పీట, రైతుకు ఒక పీట, ఊరూరా తిరిగి పురుగును గుర్తుపట్టడం నేర్పే కార్యకర్తకు ఒక పీట వేస్తారు గాని, ఆ పనులన్నిటికీ కావలసిన నిధులను తెచ్చి, సమయానికి పంపి, పైసాపైసాకూ లెక్క చెప్పే గ్రాంటు నిర్వాహకులను మాత్రం గుమాస్తాల వరుసలోనే కూర్చోబెడతారు. గ్రాంటు అంటే తిరిగి చెల్లించనక్కరలేని, అయితే ఒప్పుకున్న పనికే ఖర్చు పెట్టవలసిన ధనసహాయం; దాన్ని ప్రభుత్వ శాఖ ఇవ్వవచ్చు, సామాజిక బాధ్యత పద్దు కింద ఒక కంపెనీ ఇవ్వవచ్చు, విదేశీ దాతృసంస్థ ఇవ్వవచ్చు. ఆ సొమ్మును చూసుకునేవారి పని రశీదులు అతికించడం, రంగంలో అందరూ యూసీలు అని పిలిచే వినియోగ ధ్రువపత్రాలను పంపడం, ఆడిటరుకు జవాబు చెప్పడం మాత్రమేనని, వారి జీతం రైతుకు చేరవలసిన సొమ్ములో పడే కోత అని, ఆ కోత ఎంత తగ్గితే పథకం అంత నిజాయితీగా నడిచినట్టని ఒక అభిప్రాయం దాతల్లోనూ, అధికారుల్లోనూ, చివరికి క్షేత్రంలో చెమటోడ్చే కార్యకర్తల్లోనూ గట్టిగా వేళ్ళూనుకొని ఉంది. ఈ అభిప్రాయం తప్పు. మందు కొని పంచే పథకంలో అది కొంతమేరకు చెల్లవచ్చునేమో గాని, పురుగును పురుగుతోనూ, వెలుగుతోనూ, వేపతోనూ, ఎర పంటతోనూ అదుపులో ఉంచే పద్ధతిలో డబ్బు ఏ రోజున ఊరు చేరిందన్నదీ, దేని మీద ఖర్చు పెట్టడానికి అనుమతి ఉందన్నదీ, దేన్ని ఫలితంగా లెక్కించారన్నదీ సస్యరక్షణలో అంతర్భాగాలే. వాటిని సరిచూసేవారు చేస్తున్నది కూడా సస్యరక్షణే.

ఈ తేడా ఎక్కడ నుంచి వస్తున్నదో ముందుగా తెలుసుకోవాలి. పురుగుమందు సీసా అలమారలో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. నిధి ఆలస్యంగా వచ్చినా సీసా కొనవచ్చు, పంచవచ్చు, సంతకాలు తీసుకోవచ్చు, పథకం పూర్తయిందని రాయవచ్చు. జీవసంబంధమైన సాధనాలకు ఆ వెసులుబాటు లేదు. అవి పురుగు జీవితచక్రంలోని ఒక దశకు, ఒక్కోసారి కొన్ని రోజులకే, కట్టుబడి ఉంటాయి. ఆ రోజులు దాటితే అదే డబ్బు, అదే సాధనం, అదే మనిషి ఉన్నా పని జరగదు.

ఎర్ర గొంగళి పురుగు సంగతి చూస్తే ఈ మాట బాగా తేటపడుతుంది. తెలంగాణ పల్లెల్లో బొంతపురుగు అని కూడా పిలిచే ఈ కీటకం వర్షాధారపు ఆముదం, వేరుశనగ, కంది చేలను లేత దశలోనే మోడు చేస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది నేలలో కోశస్థ దశలో, అంటే గొంగళి రూపం విడిచి రెక్కల పురుగుగా మారడానికి ముందుండే నిద్రావస్థలో, గట్ల కింద, చెట్ల మొదళ్ళ దగ్గర పడి ఉంటుంది. తొలకరి వాన గట్టిగా పడి నేల నానిన రెండు మూడు రోజులకు, పొద్దుగూకే వేళ, రెక్కల పురుగులు గుంపులుగా పైకి లేస్తాయి. ఆడపురుగు ఆకు అడుగున వందల గుడ్లను ఒక్కచోట కుప్పగా పెడుతుంది. కొద్ది రోజుల్లోనే గుడ్లు పగిలి పిల్ల పురుగులు ఆకును గీకడం మొదలుపెడతాయి. ఒళ్ళంతా బొచ్చు పెరిగిన తరువాత ఏ మందు కొట్టినా వాటికి సరిగా అంటదు. ఒక చేను ఊడ్చిపెట్టాక దండుగా కదిలి పక్క చేనికి నడుస్తాయి. కనుక వాటిని పట్టుకోవలసిన అదను ఆ తొలి రాత్రుళ్ళే. ఊరంతా కూడబలుక్కొని ఒకే రాత్రి పొలాల గట్ల మీద మంటలు వేసి, దీపపు ఎరలు పెడితే రెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతాయి. ఒక్క రైతు తన చేను వరకు వేసుకుంటే చుట్టుపక్కల లేచినవన్నీ మళ్ళీ అతని చేనికే చేరతాయి. ఆ అదను కొంత తప్పినా గుడ్ల కుప్పలున్న ఆకులను ఏరి నాశనం చేయడానికీ, పురుగు దండు నడిచే దారిలో కందకం తీసి జిల్లేడు, నేపాళం కొమ్మలను ఎరగా వేయడానికీ ఇంకా కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఆపైన చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు. ఎన్.కె. సంఘీ, ఎం.ఎస్. చారి వంటి శాస్త్రవేత్తల మార్గదర్శకత్వంలో స్వచ్ఛంద సంస్థలు 1980, 1990 దశకాల సంధిలో తెలంగాణలో ఈ పద్ధతులను ఊళ్ళకు ఊళ్ళుగా అమలు చేసినప్పుడు, పురుగుమందులు లేని సస్యరక్షణ అనే ఆలోచనకు పునాది పడింది.

ఇందులో ఖర్చయ్యేది ఎంత? ఊరి సభ, చాటింపు, కట్టెలు, దీపాలు, కార్యకర్త బత్తెం, బండి పెట్రోలు. మొత్తం చిన్నదే, కాని తేదీకి కట్టుబడిన మొత్తం. సభ వాన పడిన తరువాత పెడితే ప్రయోజనం లేదు, ముందే పెట్టాలి. కోశాలను ఎండకూ పక్షులకూ బయటపెట్టే వేసవి దుక్కులు అంతకన్నా ముందే జరగాలి. అంటే ఈ పనికి డబ్బు రోహిణి కార్తె నాటికి ఊళ్ళో ఉండాలి.

ఇక పద్దుల పంచాంగం చూడాలి. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. వార్షిక ప్రణాళికకు ఆమోదం, మార్గదర్శకాలు, కేంద్రం వాటా విడుదల, దానికి రాష్ట్రం తన వాటా జత చేయడం, జిల్లాకు కేటాయింపు అన్నీ ఒకదాని వెనుక ఒకటి రావాలి. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన వంటి పథకాల్లో చాలా రాష్ట్రాలకు ఈ వాటాలు 60, 40 పాళ్ళలో ఉంటాయి. రెండిటిలో ఏది ఆలస్యమైనా పని ఆగుతుంది. తొలి వాయిదా ఖర్చుకు యూసీ అందితే తప్ప మలి వాయిదా కదలదు. ఈ మెట్లన్నీ ఏదో ఒక కారణంతో పెట్టినవే. ప్రజాధనానికి కాపలా ఉండాలన్నది న్యాయమైన కోరిక. అయితే ఈ మెట్లన్నీ దిగి సొమ్ము మండలానికి చేరేసరికి ఎర్ర గొంగళి పురుగు తన పని ముగించుకొని మళ్ళీ నేలలోకి దిగిపోయే రోజులు దగ్గరపడతాయి. ఈ రెండు పంచాంగాలను కలపడానికి ఎవరో ఒకరు కూర్చోవాలి. ప్రతిపాదన రాసేటప్పుడే తొలకరి ముందు పనులను తొలి వాయిదాలో చేర్చడం, గత ఏడాది మిగులును కొత్త ఏడాదికి తీసుకుపోవడానికి ముందస్తు అనుమతి తెచ్చుకోవడం, నిధి రాని నెలల్లో గ్రామ సంఘం దగ్గర ఒక తిరుగు నిధి ఉండేలా ఒప్పందంలో రాయించడం, ధరల ఒప్పందాలు వేసవిలోనే ముగించడం — ఇవన్నీ గ్రాంటు నిర్వాహకుల పనులు. వీటిలో ఏదీ రశీదులు అతికించడం కిందకు రాదు. వీటిని చేసే మనిషి లేని పథకం ఉత్తమ శాస్త్రజ్ఞానంతో నడిచినా పురుగు వెళ్ళిపోయాకే పొలానికి వస్తుంది.

వేపది కూడా ఇదే కథ. వేపగింజల కషాయాన్ని ఐదు శాతం, అంటే వంద లీటర్ల నీటికి ఐదు కిలోల గింజల పప్పు పొడి చొప్పున వాడమని వ్యవసాయ శాఖ ఏళ్ళ తరబడి సిఫారసు చేస్తోంది. ఆ కషాయం అక్కరకు వచ్చేది పైరు పెరిగి పురుగు కనిపించే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. వేపపండు రాలేది మాత్రం వేసవి చివర, తొలకరి మొదట. గింజ ఏరించి, నీడన ఆరబెట్టించి, బూజు పట్టకుండా గోనెల్లో దాచి ఉంచితేనే కషాయం పనిచేస్తుంది. ఏడాది దాటిన గింజలో చేదు సత్తువ తగ్గిపోతుంది. కొనుగోలుకు టెండరు పిలవాలని, టెండరుకు నిధి విడుదల కావాలని కూర్చుంటే చెట్టు కింద గింజ మట్టిలో కలిసిపోతుంది. అప్పుడు బజారులో ఏది దొరికితే అది కొంటారు, కషాయం పనిచేయదు, వేప మీద నమ్మకం పోయిన రైతు మందుల దుకాణం మెట్లెక్కుతాడు. తప్పు వేపదని నివేదికలో రాస్తారు.

ట్రైకో కార్డు గురించి మరికొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పద్దు నిర్వహణకూ సస్యరక్షణకూ మధ్య గీత గీయాలని చూసేవారికి దీనికన్నా గట్టి జవాబు లేదు. ట్రైకోగ్రామా అనేది కంటికి చుక్కలా మాత్రమే కనిపించే ఒక కందిరీగ జాతి. అది వరి కాండం తొలిచే పురుగు, చెరకు పీక పురుగు వంటి వాటి గుడ్లలో తన గుడ్డు పెట్టి, శత్రు పురుగును గుడ్డు దశలోనే చంపుతుంది. ఇలా మరో పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే జీవులను వ్యవసాయ పరిభాషలో బదనికలు అంటారు. ప్రయోగశాలలో బియ్యపు చిలక పురుగు గుడ్లను అట్ట మీద అంటించి వాటిపై ఈ బదనికలను పెంచుతారు. దాదాపు ఇరవై వేల గుడ్లుండే అట్టముక్కే కార్డు. చల్లని పెట్టెలో కొన్నాళ్ళు ఆపవచ్చు గాని, బయటికి తీశాక వారం తిరక్కుండానే అందులోంచి కందిరీగలు బయటపడతాయి. ఆ సమయానికి పొలంలో శత్రు పురుగు గుడ్లు ఉండాలి. లేకపోతే అవి ఆకలితో చస్తాయి. ఆ చిలక పురుగును పెంచడానికి నెలన్నర దాకా పడుతుంది కనుక ఆర్డరు అంత ముందే వెళ్ళాలి. పొలంలో రెక్కల పురుగు ఎప్పుడు లేచిందో లింగాకర్షక బుట్టలో పడిన మగ పురుగుల లెక్కను బట్టి తెలియాలి. ఆ లెక్క తీసే మనిషికి ఆ వారం బత్తెం అందాలి. కార్డులు మంచుగడ్డ పెట్టెలో ఊరు చేరడానికి బండి కిరాయి పద్దు ఉండాలి. ఈ నాలుగు చోట్లలో ఎక్కడ సంతకం ఒక వారం ఆగినా మిగిలేది గోధుమరంగు అట్టముక్క. ఒక పద్దు నుంచి మరో పద్దుకు రెండు వేలు మార్చుకునే అధికారం క్షేత్రస్థాయిలో ఉండాలా వద్దా అన్నది కార్యాలయంలో కూర్చున్నవారికి విధానపరమైన ప్రశ్నలా కనిపిస్తుంది. కార్డు మీది గుడ్డుకు అది ప్రాణంతో ఉండటమా చావడమా అన్న ప్రశ్న.

పద్దుల పని గుమాస్తా పనేనన్న అభిప్రాయానికి తోబుట్టువు లాంటిది ఇంకొకటి ఉంది: ఎంత వేగంగా ఖర్చయితే పథకం అంత బాగా నడిచినట్టు. మార్చి నెల వచ్చిందంటే మిగిలిన సొమ్మును తిరిగి పంపవలసి వస్తుందన్న భయంతో కొనదగిన వస్తువులన్నీ కొంటారు. లింగాకర్షక బుట్ట అలాంటి వస్తువు. ఆడపురుగు వాసనను పోలిన రసాయనం నింపిన చిన్న ఎర ఆ బుట్టలో ఉంటుంది, అందరూ ల్యూరు అంటారు. దాన్ని మూడు నాలుగు వారాలకొకసారి మార్చాలి. బుట్ట ఒకసారి కొంటే చాలు, ల్యూరు పంటకాలమంతా కొంటూ ఉండాలి. బుట్టకు పద్దు ఉండి మార్పు ల్యూరుకు పద్దు లేని అంచనా పత్రాలు ఈ రంగంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలిసినవే. నెల తిరిగేసరికి ఆ బుట్ట కర్రకు వేలాడే ఖాళీ ప్లాస్టిక్ సంచి. అయినా ఖర్చు నూరు శాతం, బుట్టల సంఖ్య లక్ష్యానికి నూరు శాతం, యూసీ సక్రమం. అందులో రూపాయి దుర్వినియోగం లేదు, పురుగు లెక్క కూడా లేదు. ఇటువంటి అంచనా పత్రాన్ని వెనక్కి పంపి, వంద బుట్టలకు బదులు ఇరవై బుట్టలు, వాటికి పంటకాలం పొడవునా ల్యూరులు, వారానికొకసారి చూసి రాసే మనిషి అని మార్పించే నిర్వాహకులు ఖర్చు తగ్గించారనో, లక్ష్యం కుదించారనో నింద మోస్తారు. నిజానికి ఆ పథకంలో సస్యరక్షణ మొదలైంది వారి బల్ల మీదనే.

డబ్బు పురుగును తగ్గించడమే గాక పెంచగలదు కూడా అన్న సంగతి ఇండోనేషియా అనుభవం ప్రపంచానికి చూపింది. అక్కడి ప్రభుత్వం వరి పురుగుమందుల ధరలో అత్యధిక భాగాన్ని సబ్సిడీగా భరించిన కాలంలోనే సుడిదోమ ఉద్ధృతి పదేపదే విరుచుకుపడింది. కారణం కీటకశాస్త్రంలో ఉంది: సుడిదోమ తన గుడ్లను వరి ఆకు తొడిమ కణజాలం లోపల పెడుతుంది గనుక మందు వాటికి తగలదు, పైన తిరిగే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు వంటి మిత్ర పురుగులు మాత్రం ఆ మందుకు చనిపోతాయి, గుడ్లు పగిలి వచ్చిన దోమకు అప్పుడు అడ్డే ఉండదు. 1986 నవంబరులో అధ్యక్షుడి ఆదేశం ద్వారా వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989 నాటికి సబ్సిడీని పూర్తిగా ఎత్తివేశారు. దానివల్ల ఏడాదికి పది కోట్ల డాలర్లకు పైగా ఖజానాకు మిగిలింది. వరి దిగుబడి పడిపోలేదు. అంతకుముందు ఏళ్ళ సబ్సిడీ ఖాతాల్లో లెక్కల తప్పు ఉండి ఉండవచ్చు, లేకపోవచ్చు. కాని ఆ పద్దు దేనికి అన్న ప్రశ్న వేయకుండా, ఖర్చు సక్రమంగా జరిగిందా అని మాత్రమే చూసే నిర్వహణ సుడిదోమకు మేత వేసింది. గ్రాంటు నిర్వాహకులు కీటకశాస్త్రం తెలుసుకోనక్కరలేదని చెప్పేవారు ఈ ఒక్క ఉదాహరణకైనా సమాధానం చెప్పాలి.

అదే ఇండోనేషియాలో 1989లో మొదలైన పొలంబడి, అంటే పాతికమంది దాకా రైతులు పంటకాలమంతా వారం వారం ఒక పొలంలో కూడి శత్రు పురుగులనూ మిత్ర పురుగులనూ లెక్కించి, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకునే పద్ధతి, తరువాత ఆసియా అంతటికీ, తెలుగు జిల్లాలకూ వచ్చింది. దాని మీద ఒక తీవ్రమైన విమర్శ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2004లో గెర్షన్ ఫెడర్, రింకు ముర్గై, జేమీ క్విజోన్ అనే ఆర్థికవేత్తలు ఇండోనేషియా పొలంబడుల మీద ప్రచురించిన అధ్యయనంలో, వాటిలో చదివిన రైతుల దిగుబడిలో గాని మందుల వాడకంలో గాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదన్నారు. మనుషుల మీద, శిక్షణ మీద పెట్టిన సొమ్ము వృథా అనేవారికి ఇది ఇష్టమైన ఆధారం. అయితే పొలంబడిని కొద్ది ఊళ్ళలో నడపడం ఒకటి, దేశమంతటా వేల సంఖ్యలో నడపడం మరొకటి. శిక్షకుడి నాణ్యతకు, వారం వారం సమావేశం నిజంగా జరిగిందా లేదా అన్నదానికి పద్దులో చోటు లేకుండా, ఎన్ని బడులు పెట్టారన్న లెక్కకే సొమ్ము విడుదలయ్యే ఏర్పాటులో విస్తరణ అంటే పలచబడటమే అవుతుంది. కనుక ఆ ఫలితాన్ని శిక్షణ దండగ అనడానికి సాక్ష్యంగా తీసుకోవడం తొందరపాటు. సొమ్మును దేనికి ముడిపెట్టాలన్న ప్రశ్న ఎంత కీలకమైనదో చెప్పే హెచ్చరికగా దాన్ని తీసుకోవడం ఉచితం.

ఇప్పుడు అసలు ఆరోపణకు రావాలి: పరిపాలనా ఖర్చు రైతు నోటి దగ్గరి కూడు తీయడమేనన్నది. ఈ దృష్టికి ఇప్పుడు చట్టబలం కూడా ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. కంపెనీల సామాజిక బాధ్యత నియమాలు పరిపాలనా ఖర్చును మొత్తం వ్యయంలో 5 శాతానికి మించనీయవు. పెద్ద భవనాలు కట్టుకొని, విమానాల్లో తిరిగి, ఊళ్ళో పని చేయని సంస్థలు ఉన్నమాట నిజం. వాటికి ముకుతాడు వేయాలనుకోవడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, శాతాన్నే నిజాయితీకి కొలబద్దగా తీసుకోవడంలో ఉంది. సీసాలు పంచే పథకంలో ఖర్చులో అధిక భాగం సరుకే గనుక పరిపాలనా శాతం తనంతట తానే తక్కువగా కనిపిస్తుంది. పురుగుమందులు లేని పద్ధతిలో సరుకు దాదాపు లేదు. ఉన్నదంతా మనుషులు, వారి తిరుగుడు, వారి రాత. విదేశీ విరాళాల చట్టం కింది నియమాల్లో కార్యకలాపాలను నడిపే సిబ్బంది జీతాలూ ప్రయాణాలూ మాత్రమే గాక, నివేదికలు రాసి దాఖలు చేసే ఖర్చు కూడా పరిపాలనా ఖర్చుగానే పేర్కొన్నారు. శిక్షణ, పరిశోధన ప్రధానంగా చేసే సంస్థల్లో శిక్షణ ఇచ్చే, క్షేత్ర సమాచారం సేకరించి విశ్లేషించే సిబ్బంది జీతాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. పొలంలో దుబ్బు వంచి దోమను లెక్కించే మనిషి ఈ రెండిటిలో ఏ వైపు పడతాడన్నది అతని ఉద్యోగ వివరణను ఎవరు, ఎంత జాగ్రత్తగా, ఎంత సత్యంగా రాశారన్న దాని మీద ఆధారపడుతుంది. రాయడం రానిచోట పథకాలు మనుషులను తగ్గించి సరుకును పెంచుకుంటాయి. పరిమితి పొదుపు కోసం వచ్చింది. దాన్ని అర్థం చేసుకొని వాడే మనిషిని మిగల్చకపోతే అది సస్యరక్షణను మళ్ళీ సీసా వైపే తోస్తుంది.

పరిపాలనకు ఖర్చు చేయకుండానే పురుగును లెక్కించవచ్చునని ఎవరైనా వాదిస్తే, వారికి ఆర్థిక నష్ట స్థాయి అన్న భావనను గుర్తుచేయాలి. పురుగు వల్ల కలిగే నష్టం దాన్ని అదుపు చేయడానికయ్యే ఖర్చుతో సమానమయ్యే సంఖ్యను ఆ పేరుతో పిలుస్తారు. వరిలో కాండం తొలిచే పురుగుకు చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు లేదా ఒక గుడ్ల కుప్ప అన్నది తెలుగు రైతులకు చెప్పే లెక్క. సమగ్ర సస్యరక్షణ అంతా ఆ ఒక్క సంఖ్య మీద నిలబడి ఉంది. లెక్క లేకపోతే సమగ్రత లేదు; లెక్కించే మనిషికి ఏ వారానికావారం డబ్బు చేరకపోతే లెక్క లేదు.

గ్రాంటు లోకం మరిచిపోయే మరో సంగతి, ఈ రంగంలో గొప్ప విజయాలు కంటికి కనిపించవు. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి, బొప్పాయి, మల్బరీ, కర్ర పెండలం తోటలను తెల్లటి పిండి పూసినట్టు చేసి రైతులను దివాలా తీయించింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బదనికలను తెప్పించి, పెంచి, వదిలింది. వాటిలో అసెరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగ కొద్ది నెలల్లోనే పిండినల్లిని లొంగదీసింది. ఆ పని చేసిన నిధి విలువను ఏ పద్దులో రాయాలి? కొట్టని మందు, చావని తోట, అప్పు చేయని రైతు — ఈ మూడిటికీ రశీదు ఉండదు. కోనసీమ కొబ్బరిలో 2016 తరువాత వచ్చిన సర్పిలాకార తెల్లదోమ విషయంలో ఈ చిక్కు ఇంకా స్పష్టం. ఎన్‌కార్సియా అనే బదనిక ఆ తోటల్లో తానై వ్యాపించి దోమను తింటున్నప్పుడు శాస్త్రవేత్తలు ఇచ్చిన ముఖ్య సలహా, రసాయనాలు కొట్టవద్దని, బదనికలున్న ఆకులను కాపాడుకోవాలని. ఏమీ కొట్టకుండా ఉండటానికి రైతును ఒప్పించడం కొట్టించడం కన్నా కష్టం, ఖర్చుతో కూడిన పని; అందుకు పదేపదే తోటకు వెళ్ళాలి, ఆకు తిప్పి బదనిక సోకి నల్లబడిన కోశాలను చూపాలి. అటువంటి పని ఫలితాల పట్టికలో ఇమడాలంటే, పంచిన వస్తువుల సంఖ్యకు బదులు బదనిక సోకిన శాతాన్ని సూచికగా పెట్టమని దాతతో వాదించగల మనిషి కావాలి. ఆ వాదన గెలిస్తే మరుసటి ఏడాది గ్రాంటు వస్తుంది, ఓడిపోతే తోటలో స్ప్రేయర్లు వస్తాయి.

ఊహించని పురుగు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2018లో కత్తెర పురుగు మొక్కజొన్న మీద పడింది. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప పూతను రాల్చివేసింది. మూడేళ్ళ ముందే ఏ నెలలో ఏ పని చేస్తామో గళ్ళు గీసి రాసిచ్చిన పథకాల్లో ఈ పురుగులకు గడి లేదు. అనుకోని అవసరాలకు కొంత సొమ్ము విడిగా ఉంచాలని నిర్వాహకులు కోరితే స్పష్టత లేని ప్రతిపాదన అని కొట్టివేయడం రివాజు. మిరప రైతు ఆ ఏడాది ఎవరి సలహా అందక కనిపించిన మందులన్నీ కలిపి కొట్టాడు.

దీనికి భిన్నంగా, డబ్బు నడిచే దారిని ముందే ఆలోచించినచోట ఏం జరిగిందో పునుకుల చెబుతుంది. పాత ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని ఆ ఊరు, పత్తి మందుల అప్పుల్లో మునిగిన స్థితి నుంచి, ఒక స్థానిక సంస్థ తోడ్పాటుతో 2000 దశకం తొలి ఏళ్ళలో పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకునే స్థితికి చేరింది. వేపగింజలు పొడి కొట్టే యంత్రం మహిళా సంఘం చేతిలో ఉండటం, పొడి అమ్మకం సొమ్ము ఊళ్ళోనే తిరగడం ఆ మార్పును నిలబెట్టిన అంశాల్లో ముఖ్యమైనవి. ఆ అనుభవాన్ని 2004–05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సమాఖ్యల ద్వారా ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించినప్పుడు సొమ్ము శాఖాపరమైన కొనుగోళ్ళ దారిలో కాకుండా గ్రామ సమాఖ్య ఖాతా ద్వారా వెళ్ళింది. తాను చేసి చూపిన రైతే పక్క ఊరి రైతుకు నేర్పినందుకు బత్తెం తీసుకున్నాడు. దీన్ని ఉద్యమ స్ఫూర్తి అని మాత్రమే చెప్పుకోవడం సగం నిజం. సంఘం ఖాతా తెరిపించి, లెక్క రాయడం ఆ మహిళలకు నేర్పి, ఆడిట్ తట్టుకునేలా ఆ చిన్న పుస్తకాలను నిలబెట్టినవారి పని మిగతా సగం. పెద్ద సంస్థ విదేశీ నిధిని తెచ్చి పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే దారి నేడు మూసుకుపోయింది గనుక ఆ సగం ఇప్పుడు మరింత బరువైంది.

సస్యరక్షణ పథకాలకు నిధులిచ్చేవారిని అడగవలసినవి కొన్నే. గ్రాంటు నిర్వాహకులను ఎంపిక చేసేటప్పుడు ఖాతాల పరిజ్ఞానంతో పాటు ఒక పంటకాలం పొలంలో గడిపిన అనుభవాన్ని అర్హతగా పెట్టాలి. మంజూరు పత్రం మీద విడుదల తేదీ వేసేటప్పుడు ఆర్థిక సంవత్సరం పట్టికతో పాటు, ఆ నిధి ఎదుర్కోబోయే పురుగు జీవితచక్రాన్ని కూడా ముందు పెట్టుకోవాలి. ల్యూరు మార్పుకు, కార్డు కిరాయికి, లెక్కించే మనిషి బత్తేనికి విడి పద్దు ఉండాలి. వాటి మధ్య సొమ్ము మార్చుకునే అధికారం క్షేత్రంలోనే ఉండాలి. వచ్చే ఖరీఫ్ నిధులు ఈ లెక్కన రోహిణి కార్తె దాటకుండా ఊళ్ళకు చేరాలి, ఎందుకంటే మృగశిర జూన్ రెండో వారం తిరక్కుండానే ప్రవేశిస్తుంది, తొలకరి పడిన రెండు మూడు రోజులకే రెక్కల పురుగు నేలలోంచి లేస్తుంది.